రెండులో ఏడు పోదు

ఆ బడిలో ఇద్దరు టీచర్లు ఒకే ఇంటివాళ్ళు. ఐదో తరగతికి చెప్పేది ఆడపడుచు, మూడో తరగతికి చెప్పేది కోడలు. "టీచర్" అని ఎవరైనా కేకేస్తే ఇద్దరూ ఒకేసారి తిరిగి చూసేవాళ్ళు. అందుకని పిల్లలే ఒకావిడకి పెద్ద టీచరనీ, ఇంకొకావిడకి చిన్న టీచరనీ పేర్లు పెట్టేశారు. ఇది చిన్న టీచరు సంగతి.

చిన్న టీచరుకి లెక్కలంటే మొదటి నుంచీ గుండె దడే. బట్టీ పట్టి గట్టెక్కిన మనిషి. భాషా పాఠాలు చెప్పుకుందామని ట్రైనింగ్ చేస్తే, ఖాళీ ఉన్నది మూడో తరగతి. మూడో తరగతి అంటే అన్ని పాఠాలూ ఒక్కరే చెప్పాలి. "కూడికలూ తీసివేతలే కదమ్మా, నల్లేరు మీద నడక" అంది ఆడపడుచు. సరేనని చేరిపోయింది.

మొదట్లో తను నేర్చుకున్నట్టే చెప్పింది. బోర్డు మీద యాభై రెండు వేసి, దాని కింద ఇరవై ఏడు వేసి, పక్కన తీసివేత గుర్తు పెట్టి, కింద గీత కొట్టేది. "రెండులో ఏడు పోదు. పక్కింటికి వెళ్ళి ఒకటి అప్పు తెచ్చుకో. ఐదు నాలుగయింది. రెండు పన్నెండయింది. పన్నెండులో ఏడు పోతే ఐదు. నాలుగులో రెండు పోతే రెండు. ఎంత?" "ఇరవై ఐదు!" అని క్లాసంతా కప్పు ఎగిరేలా అరిచేది. కూడికల్లోనూ అంతే. ఎనిమిదీ ఏడూ పదిహేను, ఐదు వేసి చేతిలో ఒకటి. వెనక బెంచీ పిల్లాడొకడు నిజంగానే పెన్నుతో అరచేతిలో ఒకటి వేసుకున్నాడు. చెమటకి అది చెరగలేదు, వాడు కడుక్కోనూ లేదు. ఆ రోజు చేసిన ప్రతి కూడికలోనూ దాన్ని కలుపుతూనే పోయాడు. చిన్న టీచరు నవ్వాపుకోలేక డస్టరు అడ్డం పెట్టుకుంది గానీ, వాడి తప్పేమిటో వాడికి ఎలా చెప్పాలో తోచలేదు. "చేతిలో" అన్నది తనే కదా.

ఆ తరగతిలో ఒక పిల్ల ఉండేది. మాట ముందు ఎందుకు, మాట వెనక ఎందుకు. తోటి పిల్లలు ఎందుకమ్మ అని పిలిచేవాళ్ళు. ఆ పిల్లకి తీసివేతలు ఒక్కటీ సరిగ్గా వచ్చేవి కావు. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీస్తే ముప్పై ఐదని రాసేది. అంటే పైన రెండు, కింద ఏడు ఉంటే, ఏది పెద్దదో చూసి అందులోంచి చిన్నది తీసేయడం. చిన్న టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కన "అప్పు!" అని రాసి ఇచ్చేది. చివరికి ఒక రోజు ఆ పిల్ల నోట్సు పట్టుకుని బల్ల దగ్గరికే వచ్చింది.

"టీచర్, పక్కింట్లోంచి ఒకటే కదా తెచ్చుకున్నాం?"

"అవును."

"మరి రెండూ ఒకటీ మూడు కదా. పన్నెండు ఎందుకయింది?"

చిన్న టీచరు నోట్సు తన వైపు తిప్పుకుని ఆ లెక్కనే మళ్ళీ మొదటి నుంచి చూసింది.

"పైగా అప్పు తెచ్చాం, మళ్ళీ ఎప్పుడిచ్చేస్తాం? ఇవ్వకపోతే మా అమ్మ తిడుతుంది."

క్లాసంతా గొల్లున నవ్వింది. బెల్లు మోగి ఆవిణ్ణి ఆదుకుంది. ఎందుకమ్మ మాత్రం బల్ల దగ్గరే నిలబడి ఉంది, జవాబు కోసం. "రేపు ఆదివారం కదా, సోమవారం చెప్తానమ్మా" అని పంపించేసింది.

ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఒకటి తెస్తే పది ఎందుకవుతుంది? పదుల స్థానంలోది కాబట్టి అని నోటికొచ్చు. ఆ స్థానం అంటే ఏమిటో పిల్లలకి కనపడేలా చెప్పమంటే చేతకాదు. భర్తకి ఇంటి ముందు గదిలోనే ఫొటో ఫ్రేములు కట్టే దుకాణం. ఆయన సన్నటి చెక్క పుల్లలు రంపంతో కోస్తూ, పనికిరాని ముక్కల్ని రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టి మూలకి విసురుతున్నాడు. చిన్న టీచరు ఒక కట్ట తీసుకుంది. బ్యాండు ఊడదీసింది. పుల్లలు ఒళ్ళో పడ్డాయి.

"ఏమండీ, ఇవి నాకు పదేసి చొప్పున కట్టలు కట్టిస్తారా?"

"ఎన్ని కావాలేంటి?"

"క్లాసంతటికీ."

"ఇంకేం, దుకాణం మూసేసి బళ్ళో అటెండరుగా చేరిపోతాను" అన్నాడాయన. అన్నాడే గానీ, ఆదివారమంతా కూర్చుని కోసిపెట్టాడు. పిల్లల వేళ్ళకి గుచ్చుకోకుండా గరుకు కాగితంతో చివర్లు అరగదీశాడు కూడా.

మర్నాడు ఎందుకమ్మ చేతికి ఐదు కట్టలూ, రెండు విడి పుల్లలూ ఇచ్చింది. "ఇందులోంచి నాకు ఏడు పుల్లలియ్యి." ఆ పిల్ల రెండు విడి పుల్లలు చూసింది, కట్టలు చూసింది. ఒక కట్ట బ్యాండు లాగేసింది. పది పుల్లలూ విడి పుల్లల్లో కలిసిపోయాయి. లెక్కపెట్టుకుంది. పన్నెండు.

"అప్పేం కాదు టీచర్ ఇది" అంది బ్యాండు వేలికి చుట్టుకుంటూ. "మన కట్టే మనం విప్పుకున్నాం."

ఆ రోజు నుంచి మూడో తరగతిలో అప్పు అన్న మాట పోయింది. విప్పడం, కట్టడం మిగిలాయి. కూడికలో పది జమైతే కట్ట కట్టి పక్క గడిలో పెట్టాలి. తీసివేతలో చాలకపోతే ఒక కట్ట విప్పుకోవాలి. అరచేతిలో ఒకటి వేసుకున్న పిల్లాడు కూడా కట్ట కట్టి పక్కన పెట్టేసరికి, చెయ్యి ఖాళీ అయి, కుదుటపడ్డాడు. పిల్లలు పుల్లలతో చకచకా జవాబులు చెబుతుంటే చిన్న టీచరు మురిసిపోయింది. జన్మలో మొదటిసారి లెక్కల పీరియడ్ కోసం ఎదురుచూసింది. కనపడ్డవాళ్ళందరికీ పుల్లల గురించే చెప్పేది. పాలవాడికి కూడా చెప్పింది.

అలా రెండేళ్ళు గడిచాయి. ఆ పిల్లలు ఐదో తరగతికి, అంటే పెద్ద టీచరు చేతికి వెళ్ళారు.

ఒక సాయంత్రం ఆడపడుచు పై వాటాలోంచి పరీక్ష పేపర్ల కట్ట చంకలో పెట్టుకుని దిగొచ్చింది. కుర్చీలో కూర్చుని, ఒక పేపరు తీసి తమ్ముడి భార్య ముందు పెట్టింది.

"ఏమిటమ్మా ఇది?"

పేపరు అంచులన్నీ నిలువు గీతలు. చీమల బారుల్లా, పేజీ చుట్టూ తిరిగి వెనక్కి కూడా పోయాయి.

"పుల్లలు వదినా. గీసుకుని లెక్కపెట్టినట్టున్నారు."

"నాకూ కళ్ళున్నాయి. మూడు వేలలోంచి తీసివేత ఇస్తే మూడు వేల గీతలు గీస్తారా? సగం మంది మొదటి లెక్క దగ్గరే ఆగిపోయారు. నీ క్లాసు నుంచి వచ్చిన పిల్లలకి పుల్ల లేకపోతే కాళ్ళూ చేతులూ ఆడవు."

"అర్థం చేసుకుని చేస్తున్నారు కదా వదినా. నీలాగా బట్టీ వేయిస్తే..."

అనేసింది. అన్నాక నాలిక్కరుచుకుంది. పెద్ద టీచరు మొహం కందగడ్డయింది. పేపర్లు సర్దుకుని, కాఫీ కూడా తాగకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది. దుకాణంలోంచి అంతా విన్న భర్త ఈ తలనొప్పిలో నేను దూరనన్నట్టు రంపం గట్టిగా లాగడం మొదలుపెట్టాడు.

మూడు రోజులు ఇంట్లోనూ, స్టాఫ్‌రూంలోనూ ఇద్దరి మధ్యా మాటల్లేవు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని చిన్న టీచరు గట్టిగానే అనుకుంది. కానీ ఆ పేపరు మీది గీతలు కళ్ళ ముందునుంచి పోలేదు. నాలుగో రోజు తన ఖాళీ పీరియడ్‌లో వెళ్ళి ఐదో తరగతి గుమ్మం దగ్గర నిలబడింది. పెద్ద టీచరు ఆవిడ వంక చూడకుండానే, "లోపలికి రా, గాలికి అడ్డం నిలబడకు" అంది.

చివరి బెంచీలో ఎందుకమ్మ పక్కన కూర్చుంది. బోర్డు మీద నాలుగు వందలలోంచి నూట అరవై ఏడు తీసివేయమని ఉంది. ఎందుకమ్మ పెన్సిల్ తీసుకుని గీతలు గీయడం మొదలుపెట్టింది. పదేసి గీతల చుట్టూ సున్నా చుడుతోంది. చాలా శ్రద్ధగా, చాలా ముచ్చటగా. చుట్టూ పిల్లలు పూర్తిచేసి చెయ్యెత్తేస్తున్నారు. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి, గీతలు వంకరపోయాయి, లెక్క తప్పింది, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. బెల్లు కొట్టారు. నోట్సులో జవాబు లేదు.

"నాకు తెలుసు టీచర్" అంది కళ్ళనీళ్ళతో. "టైమే సరిపోవట్లేదు."

చిన్న టీచరు ఆ నోట్సు తీసుకుని గీతలన్నీ మళ్ళీ చూసింది. దారి చూపించింది గానీ దారి మధ్యలో వదిలేసింది. పుల్లలు విప్పడం నేర్పింది. ఆ విప్పినదాన్నే అంకెల్లో ఎలా రాస్తారో నేర్పలేదు. అది వాళ్ళకే తడుతుందనుకుంది.

ఆ సాయంత్రం తనే మెట్లెక్కి వెళ్ళింది. ఆడపడుచు బట్టలు మడతపెడుతోంది.

"వదినా, నువ్వన్నది నిజం. ఆ రోజు నేనన్న మాట తప్పు."

"మాట సంగతి పోనీ. ఆ పిల్లలకి ఇప్పుడేం చేద్దాం?" అంది పెద్ద టీచరు, దుప్పటి రెండో కొస ఆవిడకి అందిస్తూ. మడత పెడుతూనే మళ్ళీ అంది, "ఒకటి చెప్పనా, బోర్డు మీద నేను పై అంకె ఎందుకు కొట్టేస్తానో నీ పిల్లలు చెప్తుంటే నాకు ముచ్చటేసింది. నా పాత పిల్లలకి అది తెలియదు. చేసేస్తారంతే."

దుప్పట్లయ్యేసరికి ఒక పద్ధతి తేలింది. పుల్ల కదిలిన ప్రతిసారీ కాగితం మీద ఒక గుర్తు పడాలి. కట్ట విప్పితే వెంటనే పదుల అంకె కొట్టేసి, ఒకటి తక్కువ రాయాలి. విడి పుల్లలు ఎన్నయ్యాయో ఒకట్ల మీద రాయాలి. కొన్నాళ్ళు అలా చేశాక పుల్లలు గుడ్డ కింద దాచేసి, చేత్తో తడిమి చూడనివ్వాలి. ఆ తర్వాత అలమరలో పెట్టేసి, నోటితో చెప్తూ రాయించాలి. చివరికి నోరు కూడా మూయించాలి.

రోజూ బడి వదిలాక కాసేపు ఐదో తరగతి పిల్లల్ని ఇద్దరూ కలిసి కూర్చోబెట్టారు. పుల్లలు అలమరలోకి వెళ్ళిన రోజు నాలుగు వందల లెక్కే మళ్ళీ వేశారు. "ఒకట్లలో ఏముంది?" "సున్నా." "పదుల్లో?" "అక్కడా సున్నాయే." "మరి?" ఎందుకమ్మ అలమర వైపు ఒకసారి చూసింది. దానికి తాళం వేసి ఉంది. కళ్ళు మూసుకుంది. వేళ్ళు గాలిలో ఏదో లాగుతున్నట్టు కదిలాయి. "వంద కట్ట ఒకటి విప్పితే పది పదులు. అందులో ఒకటి మళ్ళీ విప్పాలి. తొమ్మిది ఉంటాయి." నాలుగు కొట్టేసి మూడు వేసింది. సున్నా మీద తొమ్మిది, చివరి సున్నా మీద పది. రెండు వందల ముప్పై మూడు అని రాసి, కింద గీత కొట్టింది.

అందరికీ అంత తొందరగా రాలేదు. ఒక పిల్లాడికి ఏడాది చివరిదాకా రాలేదు. వాడు సున్నా కనపడగానే ఇప్పటికీ పెన్సిలు నములుతాడని పెద్ద టీచరే చెప్పింది.

చిన్న టీచరు ఆ తర్వాత కూడా మూడో తరగతిలోనే ఉండిపోయింది. పై తరగతులకి పంపుతామంటే వద్దంది. హెడ్‌మాస్టరు నవ్వి, లెక్కలంటే భయమన్నారు కదమ్మా అన్నాడు. "భయం పోలేదండీ. ఎక్కడ భయపడాలో తెలిసింది, అంతే" అంది. ఇప్పుడు ఇద్దరికీ ఇంకో తగవు నడుస్తోంది. ఎక్కాలు ముందు బట్టీ పట్టించాలా, ముందు అర్థం చెప్పాలా అని. ఆదివారాలు మేడ మీద గొంతులు పెరిగితే, కింద దుకాణంలో ఆయన ఫ్రేముల కోసం వచ్చినవాళ్ళకి "కంగారు పడకండి, ఏడో ఎక్కం దగ్గరున్నారు" అని చెప్పి, టేపు తీసి అద్దం కొలుచుకుంటాడు.