నీలం లైటు డబ్బా

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన అవసరమూ లేదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. మూడేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. చాలా చిన్న మాట. ఎవరూ చావలేదు, ఎవరి ఇల్లూ కూలలేదు, పోలీసులు వచ్చి పట్టుకునే నేరం అంతకన్నా కాదు. మరి దేవరయాంజాల్ బోర్డున్న బస్సు కనబడితే చాలు, నేనెందుకు తల తిప్పుకుంటాను? ఫోన్‌లో నస్రీన్ పేరు వెలిగితే మొదటి రింగుకే ఎందుకు ఎత్తలేను? నవ్వేవాళ్లు నవ్వుతారు, ఒక కంప్యూటర్ గురించి ఇంత ఏడుపా అని. నవ్వండి. ముందు మొత్తం వినండి.

2011 సంగతి. నేను ఇంజనీరింగ్ రెండో ఏడు. కంప్యూటర్ బ్రాంచే. మా ఇల్లు పేట్ బషీరాబాద్‌లో. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌ని మా బాబాయి కొడుకు ఒక్కో పార్టూ తెచ్చి బిగించాడు. నేను పక్కన నిలబడి స్క్రూలు అందించాను, అంతే. కానీ పేరు మాత్రం నాకొచ్చింది. మా సందులో ఎవరింట్లో ప్రింటర్ మొరాయించినా నాకే కబురు. ఆ పేరంటే నాకు ప్రాణం. ఒప్పుకుంటున్నాను కదా, ఇదీ ఒప్పుకోనివ్వండి.

నస్రీన్ ఇంటర్‌లో నా పక్క బెంచీ. తర్వాత మేడ్చల్‌లో డిగ్రీలో చేరింది. వాళ్లది దేవరయాంజాల్. వాళ్ల నాన్నను నేను చాచా అంటాను. గేదెలు పెట్టి, కొంపల్లి అపార్ట్‌మెంట్లకూ మా సందుకూ పాలు పోసే మనిషి. ప్రతి ఆదివారం పొద్దున్నే నస్రీన్ బస్సెక్కి మా ఇంటికి వచ్చేది, కార్ల రేసు ఆడటానికి. ఆట నాదే, కంప్యూటర్ నాదే, కుర్చీ కూడా నాదే, గెలుపు మాత్రం ఎప్పుడూ తనదే. మూల మలుపు దగ్గర నేను బ్రేకు నొక్కేచోట తను నవ్వేది. మా బాబాయి కొడుకుని వరసగా ఆరుసార్లు ఓడిస్తే వాడు అన్నం తినకుండా వెళ్లిపోయాడు. "అమ్మో, చేతులా అవి" అని మా అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి చూసేది.

కుళ్లుకున్నానా? కుళ్లుకున్నాను. కానీ అదొక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. నిజం ఏంటంటే, నాకు ఇంకెవరూ లేరు. కాలేజీలో ఒక్కదాన్నే కూర్చుని డబ్బాలో అన్నం తినేదాన్ని. ఆదివారం కోసం మిగిలిన ఆరు రోజులూ ఈడ్చేదాన్ని. ఆమె నా కోసం వస్తోందా, నా కంప్యూటర్ కోసం వస్తోందా అని శనివారం రాగానే అనుమానం మొదలయ్యేది. అడిగే ధైర్యం లేదు. ఏ జవాబొస్తుందోనని భయం.

ఆ ఏడాది వాళ్ల కాలేజీ ఫెస్ట్‌లో రేసు ఆట పోటీ పెడతామన్నారు. రోజూ ఆడితే తప్ప గెలవనని, ఇంట్లోనే కంప్యూటర్ కావాలని నస్రీన్ చాచాను అడిగింది. తన జీవితంలో వాళ్ల నాన్నను గట్టిగా అడిగిన మొదటి కోరిక అది. వాళ్ల మేనత్త బుగ్గలు నొక్కుకుందట, ఆటకు కంప్యూటరా అని. అన్న ఎగతాళి చేశాడట. చాచా మాత్రం, "నా బిడ్డ అడిగింది, కొంట" అన్నాడు. అందరి ముందూ. ఇది గుర్తుంచుకోండి. ఇంటిల్లిపాదీ వద్దంటే ఆయన కూతురి మాట మీద నిలబడ్డాడు.

రెండు షరతులు పెట్టాడు. ఒకటి, పార్టులు బిగించింది వద్దు, కంపెనీలో తయారై సీలు వేసి వచ్చిందే కావాలి. ఒకడు పార్టు, ఒకడు స్క్రూ పెడితే రేపు చెడిపోతే జిమ్మెదారి ఎవడిదని ఆయన వాదన. రెండోది, నేను వెంట రావాలి. వాళ్లింట్లో గేదెను కొనేటప్పుడు తెలిసిన మనిషిని తీసుకెళ్తారు. ఆ మనిషి పళ్లు చూసి, పొదుగు చూసి, సరే అంటేనే కొంటారు. కొన్నాక ఆ మనిషికి మొదటి జున్ను పంపుతారు. అది చూసి చెప్పినవాళ్ల హక్కు. "గేదెకు వేరే మనిషున్నడు, గీ డబ్బాకు నువ్వే బేటా" అన్నాడు చాచా. నాకు ఒళ్లంతా పొంగిపోయింది. రెండు నిమిషాలయ్యాక ఇంకోటి తట్టింది. ఆమెకు కంప్యూటర్ వస్తే ఆదివారాలు?

శనివారం పొద్దున చాచా వ్యాన్‌లో బయలుదేరాం. హైవే మీద షాపు. ముందు బండి ఆపనివ్వరు, ట్రాఫిక్ వాళ్లు తరుముతారు. చాచా స్టీరింగ్ వదల్లేదు. "రేటు ఫికర్ జెయ్యకుండ్రి. ఏది మంచిగ ఆడుతదో సూసి వచ్చి చెప్పుండ్రి" అని మమ్మల్నిద్దర్నీ లోపలికి పంపాడు.

బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. ఒకటి నల్లగా మెరుస్తోంది, ముందు నీలం లైటు చుట్టూ తిరుగుతోంది. రెండోది బూడిదరంగులో, ఆఫీసు బీరువాలా ఉంది. అమ్మే అబ్బాయి రెండూ ఒకటేనన్నాడు. ఒకటి కావు. పక్కన అంటించిన కాగితాలు చదివాను. బూడిదరంగు దాంట్లో బొమ్మలు నడిపించే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంది. నీలం లైటు దాంట్లో లేదు. కార్డు లేకపోతే ఆ రేసు ఆట సరిగ్గా నడవదు. ఇది నాకు పక్కాగా తెలుసు. మా ఇంట్లో ఆ కార్డు బిగించేటప్పుడు స్క్రూ అందించింది నేనే కదా.

నస్రీన్ కూడా ఆ కాగితాల మీదకు వంగి చూసింది. తర్వాత నా మోచేయి పట్టుకుని పక్కకు లాగింది.

"గా బూడిద రంగు దాంట్ల కార్డు అలగ్ ఉన్నదే. నేను నెట్ల సదివిన, మన ఆటకు గది ఉండాలంట. గది తీసుకుందామా?"

"అవసరం లేదే," అన్నాను నేను.

"పక్కానా?"

"ఇందులో లోపలే ఉంటుంది. కొత్త మోడల్ ఇది."

"ఏమో... నాకైతే గదే అనిపిస్తున్నది."

"నీకు తెలుసా, నాకు తెలుసా?"

ఆమె నా ముఖంలోకి చూసి నవ్వింది. "నీకే లే మేడం," అని బయటికి పరిగెత్తింది, చాచాకు చెప్పడానికి. అద్దంలోంచి చూశాను. వ్యాన్ కిటికీ పట్టుకుని, వేలితో షాపు వైపు చూపిస్తూ, ఎగిరెగిరి చెబుతోంది. అప్పుడైనా పరిగెత్తి, ఆగవే, నేను పొరబడ్డాను అనొచ్చు. పది అడుగులు కూడా లేదు. నేను బిల్లు రాయించాను.

ఎందుకన్నాను ఆ మాట? ఇంటి నుంచే అనుకుని వెళ్లలేదు, ఒట్టు. కానీ ఒట్టు పెట్టినంత మాత్రాన తేలికవుతుందా? ఆ డబ్బాలో ఆట నడవకపోతే ఆదివారం మళ్లీ మా ఇంటికే వస్తుందన్న లెక్క ఆ క్షణంలో నా బుర్రలో పూర్తిగా తయారై ఉందని, ఆ లెక్కే నా నోట్లోంచి మాటగా బయటికొచ్చిందని నాకు అక్కడే, ఆ బల్ల దగ్గరే తెలుసు. పైగా నాకు చెప్పేంతదయ్యిందా అన్న పొగరొకటి. ఛీ.

మర్నాడు చాచా పాల క్యాన్‌తో పాటు మా గుమ్మంలో ఒక స్టీలు గిన్నె పెట్టి వెళ్లాడు. కద్దూ కా ఖీర్, అదే సొరకాయ పాయసం, జీడిపప్పు దండిగా వేసి. చూసి చెప్పినవాళ్ల హక్కు. మా అమ్మ మురిసిపోయింది. నేను రెండు కప్పులు తిన్నాను. తిన్నాను, ఏం చేయమంటారు? వద్దంటే ఎందుకని అడుగుతారు.

మంగళవారం నస్రీన్ ఫోన్ చేసింది. ఆట మొదలవుతోంది గానీ కారు ఆగి ఆగి నడుస్తోందట, మలుపులో తెర నల్లబడుతోందట. బిల్లు వెనక రాసి ఉంది, ఏడు రోజుల్లోపు తెస్తే మార్చి ఇస్తామని. అంటే శుక్రవారం దాకా. బిల్లు రాయించింది నేను, ఆ అక్షరాలు చదివింది నేను. "నేనొచ్చి చూస్తాలే, ఆదివారం" అన్నాను. బుధవారం ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, పెట్టేశాను. గురువారం బస్టాప్ దాకా వెళ్లి తిరిగొచ్చాను. శుక్రవారం పొద్దుగూకింది. ఇక మార్చరు అనుకోగానే, నమ్ముతారో లేదో, మొదట నాకు హాయిగా అనిపించింది. షాపులో అన్న మాట కన్నా ఈ హాయే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. చాచా, మేనత్త, అన్న, అందరూ డబ్బా చుట్టూ చేరారు. నేను ఏవేవో నొక్కి చూస్తున్నట్టు నటించాను. మేనత్త నా చేతికి చాయ్ ఇచ్చింది. అన్న అడిగాడు, అసలు దీన్ని ఎంచిందెవరని.

నస్రీన్ నా వైపు చూడనైనా చూడలేదు.

"నేనే," అంది. "గీమె బూడిద రంగుదే తీసుకోమన్నది. నేనే ఇనలే. నీలం లైటు మంచిగున్నదని నేనే ఎగబడ్డ."

నేను చాయ్ తాగాను. మొత్తం తాగాను. కప్పు కింద పెట్టి, అవునని కూడా అనలేదు, కాదని కూడా అనలేదు. కార్డు విడిగా కొని బిగించవచ్చని ఒకసారి గొణిగాను. దానికి సీలు తెంపాలి. చాచా వినలేదు, సీలు తెంపినంక కంపెనీ వాడు మన మొహం సూడడు అన్నాడు. ఆయన కోప్పడలేదు. "సర్లే, పానం పెట్టి సదువుకో" అని నవ్వి గేదెల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఎందుకు నన్ను కాచింది? చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. చూసి చెప్పిన మనిషి తప్పు చెబితే ఆ ఇంట్లో ఆ మనిషికి మళ్లీ విలువ ఉండదు. నా పరువు పోకూడదనుకుంది. పాపం తెలియక చెప్పింది అనుకుంది. తెలిసే చెప్పానని ఆమెకు ఊహలో కూడా లేదు. ఉంటే తిట్టేది, కొట్టేది, నేనూ ఏడ్చి బతికిపోయేదాన్ని.

పోటీకి ఆమె పేరివ్వలేదు. మా ఇంటికి రెండు ఆదివారాలు వచ్చింది, మంచం అంచున కూర్చుంది, ఆడమంటే తలనొప్పి అంది. మూడో ఆదివారం రాలేదు. దేనికోసం చేశానో అదీ దక్కలేదు నాకు. కానీ వాళ్లింట్లో ఒక మాట మాత్రం పుట్టింది. నీలీ బత్తీ, అంటే నీలం లైటు. నస్రీన్ ఏం చెప్పినా, గోడకు ఏ రంగు వేద్దామన్నా, ఏ డాక్టర్ దగ్గరికి పోదామన్నా, "గిది గూడ నీలీ బత్తేనా?" అంటాడు అన్న. అందరూ నవ్వుతారు. తనూ నవ్వుతుంది. డిగ్రీ అయ్యాక, కంప్యూటర్ ఆటలకు బొమ్మలు తయారుచేసే కోర్సు ఒకటి సిటీలో ఉందని కాగితం తెచ్చి చాచా ముందు పెట్టిందట. అన్న అదే మాట అన్నాడట. చాచా కూడా నవ్వాడట. కాగితం మడిచి లోపల పెట్టేశానని, చిన్న సంగతి చెప్పినట్టు ఫోన్‌లో నాకే చెప్పింది. ఆ తర్వాత తను ఇంట్లో ఏదీ అడగలేదు. పాల లెక్కలు, గేదెల దాణా, ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

పోయిన నెల వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను. బస్సులో మాటలన్నీ పేర్చుకున్నాను. వెళ్లేసరికి ఇంట్లో ఒక చర్చ నడుస్తోంది. పాలు పిండే మిషన్ కొందామని నస్రీన్ అంటోంది. ఆ కోర్సు కాగితం తర్వాత మళ్లీ ఇప్పుడే నోరు తెరిచి ఏదో కావాలంటోంది. షామీర్‌పేట్ దగ్గర ఒక ఫారంలో స్వయంగా చూసి వచ్చింది, ఏది మంచిదో, ఏది గేదెకు నొప్పి చేస్తుందో వేళ్ల మీద చెబుతోంది. నాకు గేదె తలెటో తోకెటో తప్ప తెలియదు.

చాచా అంతా విని నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బేటా. నీ మాట అయితె కొంట. అప్పుడు గూడ నీ మాట ఇనక గదా గీమె ఆగమైంది."

నస్రీన్ తల వంచుకుని దుపట్టా అంచు మడతపెడుతోంది. చెప్పాలి. ఇప్పుడే. నోరు తెరిచాను. "నాకేం తెలుసు చాచా, నస్రీన్‌కే తెలుసు" అన్నాను. అంతవరకే వచ్చింది. ఆయన నవ్వాడు. "దానికి తెలుసనే గదా అప్పుడు గట్లయింది" అన్నాడు. మిషన్ మాట అక్కడితో ఆగిపోయింది. నేను చీకటి పడకముందే బస్సెక్కాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమిస్తే ఆ ఇంట్లో ఆమె మాటకు విలువ తిరిగొస్తుందా? ఆమెనూ అడగను, క్షమించేస్తుందేమోనని భయం. కానీ ఆ రోజు అక్కడ నోట్లోంచి రానిది ఒక్క వాక్యమే. దాన్ని ఇవాళ కాగితం మీద పెడుతున్నాను. చాచా, ఆ డబ్బాను ఎంచింది నస్రీన్ కాదు, నేను. నస్రీన్ సరైనదే చెప్పింది, నేనే తెలిసి కాదన్నాను. రాశాను.