దక్షిణాన ఇంకో గోపురం

ఈ వారం మా ఊరి పొలిమేరలో జనాభా బోర్డు మార్చారు. పాత పలకను ట్రక్కులో పడేసి, అంతకంటే చిన్న అంకె ఉన్న కొత్త పలకను అదే స్తంభానికి బిగించారు. నేను కారు పక్కకు ఆపి తీసివేత చేశాను. డిగ్రీ మధ్యలోనే మానేసినవాణ్ణి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. అయినా రెండు అంకెలు పక్కపక్కన కనబడితే ఊరుకోలేని జబ్బు నాది. వచ్చిన శేషంలో మా మామయ్యగారు లేరు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళను ఆ బోర్డు ఎప్పుడూ కలుపుకోలేదు, తీసివేయనూ లేదు.

మాది కాన్సస్‌లో ఒక కౌంటీకి ముఖ్యపట్టణం. అలాగని పెద్దగా ఊహించుకోకండి. ఒక కోర్టు, ఒక జైలు, ఒక చిన్న ఆసుపత్రి, ఆ ఆసుపత్రి ఫార్మసీలో మా ఆవిడ, హైవే పక్కన నేను నడిపే మోటెల్. చుట్టూ నేల చపాతీ పీటలా ఉంటుంది. మైలుకో రోడ్డు నిలువుగా, మైలుకో రోడ్డు అడ్డంగా, ఆ గళ్ళలో గోధుమ పొలాలు. ఊళ్ళో ఎత్తయినది ఒక్కటే, ధాన్యం నిలవచేసే తెల్లటి కాంక్రీటు గోపురం. ఇక్కడివాళ్ళు ఎలివేటర్ అంటారు. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన మామయ్యగారు దాన్ని మొదటిరోజే "గాలిగోపురం" చేసేశారు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఊరికి దక్షిణంగా నడిచి, ఒక గడి పొలాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని, చుట్టూ ప్రదక్షిణం చేసి రావడం ఆయన అలవాటు. లోపల దేవుడు లేడు కదా అంటే, "గోధుమలున్నాయిగా" అనేవారు. దారి తప్పుతారేమోనని నేను మ్యాప్ గీసి ఇవ్వబోతే నవ్వారు. "నువ్వు లెక్కలు వేసుకో అల్లుడూ. నాకు గోపురం చాలు."

నవంబరులో ఒకరోజు ఆకాశం అల్యూమినియం మూతలా దిగింది. సూర్యుడు ఎటున్నాడో తెలియలేదు. సాయంత్రానికి మంచు పడుతుందన్నారు. నేను మోటెల్లో ఎవరికో గది తాళం ఇస్తుండగా మామయ్యగారి ఫోన్ వచ్చింది. "వచ్చేస్తున్నా బాబూ. గోపురం ఎదురుగానే ఉంది. గాలి వీపున పడి తోసేస్తోంది, నడకే అక్కర్లేదు." సరేనన్నాను. తర్వాత ఆయన రాలేదు, నేను చేస్తే ఫోనూ ఎత్తలేదు.

మా ఆవిడ ఆసుపత్రి కోటుతోనే వచ్చేసింది. "షుగర్ పేషెంట్! పొద్దున్నుంచీ సరిగ్గా తినలేదు. నువ్వేమో మ్యాప్ గీసుకుని ఆ కాగితం ముందు లెక్కలు వేస్తూ కూర్చున్నావు. కార్ తియ్యి ముందు!" ఆయన తిరిగే గడిని రెండుసార్లు చుట్టాం. ఖాళీ. షెరిఫ్ ఆఫీసు నుంచి వచ్చిన డిప్యూటీ, మన లెక్కన పోలీసు, తన బండి దిగి నాలుగు వైపులా చూశాడు. "దాక్కుందామన్నా చెట్టు లేదు ఇక్కడ. ఎక్కడికి పోతాడు సర్ మనిషి?" అన్నాడు, సాయంగానే. మంచు సన్నగా మొదలైంది. మా ఆవిడ పొలం వైపు తిరిగి "నాన్నా!" అని అరిచింది. మా నేల మీద కేకకు తగిలేదేమీ ఉండదు కాబట్టి తిరిగి రాదు. వెళ్ళి వెళ్ళి ఎక్కడో పడిపోతుంది.

ఆవిడను కార్లోకి తీసుకొస్తుంటే మంచు నా కళ్ళల్లో కొట్టింది. అప్పుడు ఆగాను. నేను ఊరివైపు, అంటే ఉత్తరానికి నడుస్తున్నాను. గాలి ముఖాన కొడుతోంది. ఇంటికి వస్తున్న మనిషికి గాలి వీపున ఎలా పడుతుంది?

"ఆయన అటు పోతున్నారు," అన్నాను దక్షిణం చూపించి. "ఎదురుగా ఉన్నది మన గోపురం కాదు."

దక్షిణాన ఇంకో ఊరు ఉండేది. రైలు ఆగడం మానేశాక బడి మూశారు, తర్వాత పోస్టాఫీసు మూశారు, మనుషులు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు. ఆ ఖాళీ ఇళ్ళ మధ్య గోపురం మాత్రం ఉండిపోయింది, మాదానికి కవలలా. సూర్యుడు లేని రోజున ప్రదక్షిణంలో ఒక మలుపు ఎక్కువ తిరిగి, కళ్ళెత్తి, కనబడిన తెల్లటిదాన్ని నమ్మి నడిచారాయన.

డిప్యూటీ బండి ముందు, మేం వెనక. ఆ గోపురం గోడ చాటున మామయ్యగారు కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నారు. పెదవులు నీలంగా ఉన్నాయి, మాట ముద్దగా వచ్చింది. మా ఆవిడ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఆరెంజ్ జ్యూస్ కొంచెం కొంచెంగా పట్టింది. "మింగు నాన్నా, ఇంకొంచెం, మా నాన్నవి కదూ." చాలాసేపటికి ఆయన నన్ను గుర్తుపట్టారు.

"ఇళ్ళున్నాయి కదా అని తలుపులు కొట్టాను బాబూ," అన్నారు. "ఒక్కళ్ళూ పలకలేదు. నేనే చచ్చిపోయానేమో, అందుకే వినబడ్డం లేదేమో అనుకున్నా."

బతికారు. కానీ ఆ తర్వాత నడకకు వెళ్ళలేదు. కిటికీలోంచి గోపురం కనబడకుండా తెర వేయించుకున్నారు. ఆరు నెలలు నిండకుండానే టికెట్ ముందుకు జరిపించుకుని తన ఊరికి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. రెండేళ్ళకు అక్కడే పోయారు.

దక్షిణపు గోపురాన్ని ఈ వేసవిలో కూలగొట్టారు. ఇప్పుడు ఎటు చూసినా ఒక్కటే, దారి తప్పే వీల్లేదు. సాయంత్రాలు మోటెల్ బయట నిలబడితే మా వీధిలో దీపాలు వెలగని కిటికీలు కనబడతాయి. కొత్త బోర్డు అంకె ఉంది, పాత అంకె ఉంది, మధ్యలో గడిచిన ఏళ్ళెన్నో తెలుసు. ఈ తలుపులు కూడా ఎప్పటికి పలకడం మానేస్తాయో తేల్చడానికి అంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఆ లెక్క నాకు చేతనవును, అందుకే వేయను.