ఎదురుకోలులో ఐదో నట్టు

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో ఒక ఫిట్టరును పొగడాలంటే "వాడు బిగించిన నట్టు ఇంకొకడు ఇప్పలేడు" అంటే చాలు, అంతకు మించిన బిరుదు ఉండేది కాదు. విప్పేవాడికి పేరే లేదు. బిగించడం మగతనం, విప్పడం ఉత్త చాకిరీ అన్నట్టు ఉండేది మా ఆలోచన. అప్పుడే బొగ్గుబాయిలో ఫిట్టరుగా పర్మనెంటు అయిన నేను కూడా అలాగే అనుకునేవాణ్ణి. తుప్పు పట్టిన నట్టు, మూలలు అరిగిన బోల్టు ఎదురైతే పానా పెద్దది చెయ్యాలి, దెబ్బ గట్టిగా వెయ్యాలి, రాకపోతే ఇంకా గట్టిగా వెయ్యాలి. ఇదే మా శాస్త్రం. ఆ శాస్త్రం నా పెండ్లి రోజున, నడిరోడ్డు మీద, నేను జీపులో బాసికం కట్టుకుని కూర్చుని చూస్తుండగానే చెల్లకుండా పోయింది.

మా నాయన నా చిన్నప్పుడే పోయాడు. నన్ను పెంచింది, పనిలో పెట్టించింది, పిల్లను చూసింది అంతా మా కాకే, అంటే నాయన తమ్ముడు. కాక బాయిలోపల బొగ్గు టబ్బులు లాగే హాలేజీకి ఫిట్టరు. పానాకు రెండు మూరల ఇనుప పైపు తొడిగి, దాని మీద ఒళ్లంతా వేసి బిగించడం ఆయన పద్ధతి. అందుకే అందరూ 'పైపు కాక' అనేవారు (ఎదుట కాదు). మనసు వెన్న. కానీ మాట పడడు. ముఖ్యంగా కాసిపేట వైపు ఫిట్టర్ల దగ్గర అసలు పడడు. మా బాయిలవాళ్లకూ వాళ్ల బాయిలవాళ్లకూ పనితనం దగ్గర ఎప్పుడూ పోటీ ఉండేది. అలాంటిది నాకు కుదిరిన సంబంధం సరిగ్గా కాసిపేట దగ్గరి ఊళ్లోనే, పిల్ల తండ్రి కూడా ఫిట్టరే. "పిల్ల మంచిది, గందుకే ఒప్పుకున్న. లేకుంటే గా దిక్కు మొకమే జూడ" అని కాక లగ్గం ఖాయమైన నాటి నుంచీ అంటూనే ఉన్నాడు.

పెండ్లి బండికి మా వాడలోని మెకానిక్ చాచా తన పాత జీపును ఇచ్చాడు, నడపడానికి తనే వచ్చాడు. బయల్దేరే ముందు రోజు కాక పైపు తెచ్చి నాలుగు చక్రాల నట్లూ మళ్లీ బిగించాడు. చాచా అడ్డం పడ్డాడు.

"అరె భాయ్, ఇంత గట్టిగ ఎందుకు? తొవ్వల పంచర్ అయితే ఎవ్వడు ఇప్పుతడు?"

"పెండ్లి బండి చాచా. ఒక్క నట్టు సుత లూజుండద్దు. నా కొడుకు గూసుంటడు అండ్ల."

నా కొడుకు అన్నాడు గానీ, అన్న కొడుకు అనలేదు. ఆ మాటతో చాచా పక్కకు తప్పుకున్నాడు. ఆ తరువాత ఆ నట్లు ఎంత ఏడిపించినా నేను కాక మీద కోపం తెచ్చుకోలేకపోవడానికి ఆ మాటే కారణం.

పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. జీపులో నేను, మా అవ్వ (అమ్మను అలాగే పిలుస్తాం), కాక. వెనక లారీలో చుట్టాలు, మా షిఫ్టు ఫిట్టర్లు. గోదావరి దాటి, ఇంకాస్త దూరంలో పిల్లవాళ్ల ఊరు ఉందనగా, వాళ్ల డప్పులు కూడా వినిపిస్తుండగా, వెనక చక్రం ఉస్సుమంది. ఎండ అప్పటికే నెత్తికెక్కుతోంది. ముహూర్తం దగ్గర పడుతోంది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, ఇంతమంది ఫిట్టర్లు ఉన్నారు, ఇంకేం అనుకున్నాం. మా ఫిట్టర్లు లారీలోంచి దూకిన ఉత్సాహం చూస్తే పంచరు కోసమే వాళ్లు పెండ్లికి వచ్చారేమో అనిపించింది.

నాలుగు నట్లు వచ్చాయి. ఇద్దరిద్దరు పైపు పట్టుకుని ఊగితే, ఒక్కొక్కటీ కీచుమంటూ వచ్చాయి. ఐదోది రాలేదు. అది బాయి రోడ్ల బురద నీళ్లలో నాని నాని తుప్పుతో ముద్దయిన నట్టు. చాచా దగ్గరున్న పాత సాకెట్ (నట్టుకు టోపీలా తొడిగే పానా) లోపల పన్నెండు మూలలది, దాని నోరు ఎప్పుడో అరిగిపోయింది. పైపు మీద ముగ్గురు పడేసరికి సాకెట్ జారింది, దాంతో పాటు ముగ్గురూ రోడ్డు పక్క తుప్పల్లో పడ్డారు. నట్టు మూలలు చెక్కుకుపోయాయి. "మల్ల వెయ్" అన్నాడు కాక. మళ్లీ వేశారు. మళ్లీ జారింది. అలా వేసిన కొద్దీ నట్టు నునుపెక్కింది. చివరకు గోలీకాయకు అక్కచెల్లెలులాగా తయారైంది. ఒకడు పెద్ద పానా వేసి సందులో గుడ్డ కుక్కుదామన్నాడు. ఇంకొకడు ఉలి పెట్టి పగలగొడదామన్నాడు. "నట్టు ఎక్కే స్టడ్డు పోయిందనుకో, నా చక్రమే ఉండది, యా అల్లా!" అని చాచా నట్టును అరచేత్తో కప్పుకుని కూర్చున్నాడు.

నేను కిందికి దిగడానికి లేదు. కాళ్లకు పసుపు, నుదుట బాసికం, చేతిలో నిమ్మకాయ గుచ్చిన కటారు. చేతులు ఒకటే దురద. నా సలహా కూడా నేనిచ్చాను, గుడ్డ కుక్కడమే మేలని (ఎంత మేలో తర్వాత తెలిసింది). ఎవరూ వినకపోయేసరికి, ఉలి లేకుంటే ఈ కటారు పనికొస్తుందేమో అని చాపాను. అవ్వ నా చేతి మీద ఒక్కటేసింది.

"లారీల ఎక్కి పోదాం అవ్వా, టైమైతుంది" అన్నాను.

"ఏంది? ఇంట్ల కొబ్బరికాయ గొట్టింది గీ బండికి. గిదే బండిల పోయి దిగాలె. నడుమల బండి మారుడు మా ఇంట లేదు" అని అవ్వ నా కండువా కొసను తన కొంగుకు ముడేసుకుంది. పెండ్లికాకముందే నాకు పడ్డ మొదటి ముడి అది.

ఇంతలో డప్పులు దగ్గరకు రావడం మొదలైంది. మేము రాకపోయేసరికి ఎదురుకోలుకు వాళ్లే ముందుకు వచ్చేస్తున్నారు. ఎదురుకోలు అంటేనే రెండు వైపులవాళ్లూ ఒకరినొకరు ఎకసెక్కాలాడుకునే తంతు. అక్కడ ఒక్క మాట దొరికితే చచ్చేదాకా అంటారు. గోదావరిఖని ఫిట్టర్లు ఇంతమంది ఉండి ఒక చక్రం ఇప్పుకోలేకపోయారన్న మాట కాసిపేటకు చేరితే, కాక ఇక ఆ ఊరి మొహం చూడగలడా? మా ఆవిడ సీమంతానికీ, నా పిల్లల పురుడుకూ ఇదే పాట. "చక్రానికి అడ్డం నిలవడుండ్రి. ఎవ్వరు నోరిప్పద్దు" అన్నాడు కాక. మా ఫిట్టర్లు భుజం భుజం కలిపి గోడలాగా నిలబడ్డారు. ముహూర్తం పోయినా సరే, మాట పోవద్దు. మా వాళ్లు మాత్రమే చేయగల తప్పు అది.

ముందు నడిచి వస్తున్నాడు మా మామ, పిల్ల తండ్రి. భారీ మనిషి, గుబురు మీసం, పట్టు కండువా. అంతకు ముందు ఒకట్రెండు సార్లు చూశాను గానీ ఆయన నవ్వగా చూడలేదు. ఆయన స్కూటరును ఎవరో వెనక తోసుకొస్తున్నారు.

"ఏంది బావా, ఆగిండ్రు?"

"ఏం లేదు. పిలగాడు జర అలిసిండు. గాలికి ఆగినం" అన్నాడు కాక, ఎండలో చెమటలు కక్కుతూ.

మామ నావైపు చూశాడు. నేను అలిసినట్టు మొహం పెట్టాను. తర్వాత ఆయన చూపు గోడలాగా నిలబడ్డ మా వాళ్ల మీదికి, వాళ్ల చేతులకంటిన గ్రీజు మీదికి, రోడ్డు మీద పడి ఉన్న పైపు మీదికి పోయింది. ఏమీ అనలేదు. పసుపు కుంకుమ పళ్లెం అందుకుని, "మా దిక్కు పెండ్లి బండికి నాలుగు చక్రాలకు బొట్టు వెడ్తరు బావా. జర జరుగుమను" అన్నాడు. (కాసిపేట చుట్టుపక్కల అందరినీ తర్వాత అడిగాను. అలాంటి ఆచారం ఎవరికీ లేదు.) బొట్టుకు అడ్డం చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? గోడ పక్కకు జరిగింది. మామ మూడు చక్రాలకూ టకటకా బొట్లు పెట్టి, నాలుగో దాని దగ్గర వంగాడు. అక్కడ మాత్రం బొట్టు పెట్టడానికి చాలాసేపు పట్టింది. బొటనవేలు నట్టు చుట్టూ నెమ్మదిగా తిరగడం పైనుంచి నాకొక్కడికే కనిపించింది.

లేచి, ఏదో మరిచిపోయినవాడిలా స్కూటరు దగ్గరకు పోయి డిక్కీ తెరిచాడు. లోపల ఒక చెక్క పెట్టె, దాన్నిండా సాకెట్లు. నాకు నగల పెట్టె చూసినట్టే అయింది. ఒకటి తీసి దాని నోట్లోకి చూశాడు, నోరు అరిగింది, పెట్టేశాడు. ఇంకొకటి తీశాడు, వేళ్ల మధ్య తిప్పాడు, గోడ పలచన, అదీ పెట్టేశాడు. మూడోది పొట్టిది, నల్లది, మందపు గోడది. లోపల పన్నెండు మూలలు కాదు, ఆరు పలకలే. ఎండకెత్తి ఒక కన్ను మూసి చూశాడు, పట్టు కండువాతో తుడిచాడు. అసలు కొలతకు అది వెంట్రుకవాసి చిన్నది. పన్నెండు మూలలది నట్టును కొనల దగ్గర పట్టుకుంటుంది. కొనలే లేని నట్టుకు అది ఎందుకూ కొరగాదు. ఆరు పలకలది మిగిలిన చదును మీద పట్టుకుంటుంది. కొంచెం బిగువైన దాన్ని సుత్తితో కొట్టి ఎక్కిస్తే, నట్టు తనకు తానే కొత్త మూలలు చేసుకుంటుంది. ఇది నేను ఇప్పుడు చెబుతున్న పాఠం. ఆ రోజు మాత్రం నోరు తెరుచుకుని చూశాను, అంతే.

చూసినంత సేపూ నా భయం ఒకటే. ఇప్పుడు ఈయన అందరి ముందూ కాకను పక్కకు జరిపి, తనే కూర్చుని నట్టు విప్పేస్తాడు. పని అవుతుంది, నా పెండ్లీ అవుతుంది, కానీ కాక తల ఇక లేవదు. నన్ను కొడుకు అన్న మనిషి నా పెండ్లిలోనే చిన్నబోతాడు.

మామ చక్కెర గిన్నెతో వచ్చాడు. ఎదురుకోలులో వియ్యంకులు ఒకరి నోట ఒకరు చక్కెర పొయ్యాలి. ఆయన పిడికిలి నిండా తీసి, కాక నోట్లో కాకుండా చేతిలో పోశాడు. "కాసిపేట చక్కెర బావా. జర గట్టిగుంటది, నోట్లె పోసుకోకు" అన్నాడు చిన్నగా. కాక పిడికిలి విప్పి చూసుకుని, వెంటనే మూసేశాడు. మామ అప్పటికే వెనక్కి తిరిగి డప్పులవాళ్ల మీద అరుస్తున్నాడు.

"ఏందిరా గా సప్పుడు? సావుకచ్చిండ్రా, పెండ్లికచ్చిండ్రా? దంచుండ్రి! అందరు గిటు తిరుగుండ్రి!"

అని తనే కండువా నడుముకు బిగించి ఎగరడం మొదలుపెట్టాడు. ఆ భారీ మనిషి, ఆ మీసంతో, ఎండలో, రోడ్డు మీద! వాళ్ల ఊరివాళ్లకే అది వింత. ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు, మగవాళ్లు ఈలలు వేశారు. ఒక్క కన్ను కూడా చక్రం వైపు లేదు. డప్పు మీద దెబ్బ పడిన ప్రతిసారీ ఇక్కడ కాక సాకెట్ మీద సుత్తి దెబ్బ వేశాడు. తర్వాత పైపు తొడిగి, ఈసారి ఒక్కడే, ఊగకుండా, మెల్లగా వంచాడు. నట్టు కీచుమని అరిచింది. ఆ కీచు మా లగ్గం సన్నాయి కంటే తీయగా వినిపించిందంటే నమ్మండి. నన్నూ అవ్వనూ కలిపే జాకీ మీద లేపి చక్రం మార్చారు. ముహూర్తానికి పీటల మీదికి చేరాను.

భోజనాల దగ్గర కాక సాకెట్ కడిగి తెచ్చి మామకు ఇవ్వబోయాడు. "నాది గాదు బావా, మీ బండిలదే గావచ్చు" అని మామ పప్పు వడ్డించాడు. అంతే, కాకకు ధైర్యం వచ్చింది. అప్పటి నుంచీ ఏ పెండ్లికి పోయినా, ఏ సావుకు పోయినా, "గా నట్టు గోదావరిఖని చెయ్యి వడ్డంకనే కదిలింది" అని కథ మొదలుపెట్టేవాడు. మామ పక్కనే కూర్చుని ప్రతిసారీ కొత్తగా విన్నట్టు తలూపేవాడు. నాకు సాకెట్ల సంగతంతా మామే నేర్పాడు. ఆయన పక్కన కూర్చుని పెట్టె సర్దుతూ, ఆ రోజు సంగతి చాలాసార్లు అడిగాను. "నేను ఎగురుడు యాదికున్నది, మిగిల్నది ఏం యాదిలేదు" అనేవాడు.

మామ రిటైరైన రోజు బాయి మీద శాలువా కప్పారు. చుట్టాల తరపున రెండు మాటలు చెప్పమంటే కాక లేచాడు. మైకు పట్టుకుని, "గా దినం నట్టు నేను..." అని అలవాటుగా మొదలుపెట్టి, ఆగిపోయాడు. చివరకు, "చెయ్యి నాదే. సాకెట్ బావది. మా ఇజ్జత్ కాపాడింది బావ" అని కండువా మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. మామ శాలువాతో సహా లేచి, "అబద్ధం! నమ్మకుండ్రి, మా బావ అబద్ధం జెప్తుండు!" అని అరిచాడు. జనం విరగబడి నవ్వారు. కాక కూడా ఏడుస్తూనే నవ్వాడు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ చెక్క పెట్టె నా దగ్గరుంది. ఎంత తుప్పు పట్టిన నట్టైనా వేలితో తడిమి ఏ సాకెట్ కావాలో చెప్పేస్తాను, అంతవరకు మామకు తగ్గ అల్లుణ్ణే. కానీ మొన్న మా కాలనీలో నా అల్లుడు స్కూటరు నట్టుతో కుస్తీ పడుతుంటే, నేను చేసిందేమిటి? వాడి స్నేహితులంతా చూస్తుండగా "తప్పుకో, నీతోని గాదు" అని చేతిలోంచి పానా లాక్కున్నాను. నట్టు క్షణంలో వచ్చింది. మా ఆవిడ గడపలో నిలబడి అంతా చూసింది. ఏమీ అనలేదు, తండ్రి బిడ్డ కదా. చక్కెర వేసిన చాయ్ తెచ్చి ముందు అల్లుడికి ఇచ్చింది.