ఆటోలో తిరిగిన అవ్వ పాటలు

2022. బతుకమ్మ దగ్గరపడుతున్న రోజులు. మొయినాబాద్‌లో చేవెళ్ల రోడ్డు మీద నాకు కంప్యూటర్ రిపేర్ షాపు ఉంది. పక్కనున్న హిమాయత్‌నగర్ ఊరి నుంచి లక్ష్మి అనే ఆమె సీపీయూను చంటిపిల్లలా ఎత్తుకొని వచ్చింది. వెంట ఆమె అత్త, ఎల్లమ్మ అవ్వ.

"అన్నా, ఆన్ అయితలేదు. మా అత్తమ్మ పాడిన బతుకమ్మ పాటలు, ఇంట్ల ఫొటోలు అన్నీ దీంట్లనే ఉన్నయి."

అవ్వకు ఆ ఏడే గొంతు ఆపరేషన్ అయింది. మాట గుసగుసలా వస్తుంది, పాట రాదు. మునుపు ఆమె పాడితేనే వాడకట్టంతా ఆడేది. ఈసారి రికార్డు పెట్టుకొని ఆడదామని ఆడవాళ్లంతా అనుకున్నారట.

హార్డ్ డిస్క్ విప్పి విడిగా పెట్టి చూశాను. టక్ టక్ మంది. లోపల డేటా చదివే సన్నటి భాగాన్ని మేము హెడ్ అంటాం. అది దెబ్బతింటే వచ్చే చప్పుడు అది. వెంటనే కరెంటు తీసేశాను.

"బ్యాకప్ ఉన్నదా అమ్మా?"

"ఎందుకు లేదన్నా! సీల ఒకటి, డీల ఒకటి, ఈల ఒకటి. మూడు కాపీలు పెట్టిన" అంది గర్వంగా.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సీ, డీ, ఈ డ్రైవ్‌లు ఒకే డిస్క్‌లో చేసుకున్న భాగాలు, పార్టిషన్లు. ఒకే బీరువాలో మూడు అరలన్నమాట. బీరువానే పోయిందని చెప్పాల్సి వచ్చింది. సిటీలో రికవరీ ల్యాబ్‌కు పంపొచ్చుగానీ గ్యారంటీ ఇవ్వలేనన్నాను. లక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బయట ఎవరికన్నా కాపీ ఇచ్చినవా?"

"ఎవ్వరికీ ఇయ్యలే అన్నా."

అవ్వ కోడలి కొంగు లాగింది. "నర్సింలుకు ఇయ్యలేదానే, పోయినేడు?"

నర్సింలు చిల్కూరుకు ఆటో నడుపుతాడు. నిరుడు సద్దుల బతుకమ్మకు చెరువు దాకా పాటలు పెట్టేందుకు లక్ష్మే అతనికి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చిందట. ఫోన్ చేస్తే, గిరాకీని దించి, అప్పటినుంచీ ఆటోలోనే ఉన్న ఆ పెన్‌డ్రైవ్‌తో నేరుగా వచ్చాడు.

పెన్‌డ్రైవ్ మీద పసుపూ కుంకుమా ఎండి ఉన్నాయి. నేను గుడ్డ తీయగానే నర్సింలు గాబరా పడ్డాడు.

"బొట్టు తుడువకన్నా! దసరాకు బండితోని దానికి గుడ పూజ చేసిన."

సరేనని పిన్ను మటుకే తుడిచి కంప్యూటర్‌కు పెట్టాను. పాటలన్నీ ఉన్నాయి. వాటి కింద ఫొటోలు కూడా! పెళ్లివి, పిల్లల పుట్టువెంట్రుకలవి, అన్నీ. పాటలు మాత్రమే ఏరడం రాక లక్ష్మి ఫోల్డర్ మొత్తం వేసేసింది. ఆటోలోని ప్లేయర్ పాటలు తప్ప ఇంకేమీ చూపించదు. ఫొటోల్లోని ఇంటిల్లిపాదీ ఏడాదిగా చిల్కూరు ట్రిప్పులు కొడుతున్నారని ఎవరికీ తెలియలేదు.

"నాకు రాకపోవుడే మంచిగైంది!" అని లక్ష్మి పగలబడి నవ్వింది. నాకూ పట్టలేనంత సంతోషమేసింది. స్పీకర్లో పాట పెట్టాను. అవ్వ తన గొంతు తానే వింటూ లేచి, వంగి చప్పట్లు మొదలుపెట్టింది. అత్తాకోడళ్లు నా టేబుల్ చుట్టూ ఆడారు.

తర్వాత కొత్త డిస్క్ వేసి అవన్నీ దాంట్లోకి ఎక్కించాను. ఇంకో కాపీకి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఇచ్చి, కాపీ కాగానే వైరు తీసి బీరువాలో పెట్టమన్నాను. మూడోది క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో దాచుకోవచ్చన్నాను.

"అది గుడ పెట్టు. కని ఆటోల ఉన్నది తియ్యకు" అంది అవ్వ.

ఇప్పుడు ఎవరొచ్చినా ఎన్ని కాపీలున్నాయో తర్వాత, ముందు మీ గడప దాటి ఒకటి ఎక్కడుందో చెప్పమంటాను. ఎల్లమ్మ అవ్వ కాపీ మాత్రం నర్సింలు ఆటోలో రోజూ నా షాపు ముందు నుంచే పాడుకుంటూ పోతుంది.