కెమెరా బ్యాటరీలతో పలికిన రేడియో

మేం పోస్టుకు చేరేసరికి సాయంత్రం నాలుగైంది. వాన పడుతోంది. అక్కడ వాన ఆగితేనే వార్త అని తర్వాత తెలిసింది. తూర్పు సరిహద్దు కొండల్లో, వెదురు పొదల మధ్య ఐదు బంకర్లు, ఒక రేకుల షెడ్డు, రోజుకు రెండు గంటలు తిరిగే జనరేటరు. రోడ్డు అక్కడితో ఆఖరు. ముందున్నదంతా అడవి.

మాది తెనాలి పక్కన అంగలకుదురు. సైన్యంలో చేరకముందు బాపట్లలో ఒక ఫొటో స్టూడియోలో పనిచేశాను, పెళ్లిళ్లకు కెమెరా మోశాను. ఆ సంగతి ఎలా తెలిసిందో, చేరిన మర్నాడే సుబేదార్ సాబ్ నన్ను పిలిచాడు. ఆయన గఢ్వాల్ మనిషి. మాటలు ఖర్చు పెట్టడు. నా చేతిలో డిజిటల్ కెమెరా పెట్టాడు.

"మూడు వారాల గస్తీ. సరిహద్దు రాళ్లు, వాగు దాటే చోట్లు, ఎవరైనా మసలిన గుర్తులు, అన్నిటికీ ఫొటో ఉండాలి. కరెంటు ఉండదు. ఎలా చేస్తావో నీ ఇష్టం."

పెళ్లిలో అయితే బ్యాటరీ అయిపోగానే పక్కనే ప్లగ్గు వెతుక్కోవచ్చు. అడవిలో ప్లగ్గు ఎవడు పెడతాడు? నాకు ఇచ్చినవి ఐదు బ్యాటరీలు, నాలుగు మెమరీ కార్డులు, మడత పెట్టే సోలార్ పలక ఒకటి. చెట్ల కింద ఎండ పడదు కాబట్టి పలక సంగతి మూడో రోజుకే తేలిపోయింది. అయినా దాన్ని మోసుకు తిరగాల్సిందే.

చలిలో బ్యాటరీ తొందరగా చచ్చిపోతుంది. అందుకని పాత బనీను చింపి నడుముకు పట్టీ కుట్టుకున్నాను. ఒక్కో బ్యాటరీనీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒంటికి ఆనేలా అందులో పెట్టుకున్నాను. నిద్రలోనూ తీయలేదు. కెమెరా వెనక తెర వెలిగిందంటే ఛార్జి తాగేస్తుంది, పైగా చీకట్లో మన జాడ చెబుతుంది. దాని మీద నల్ల టేపు అంటించేశాను. ఫ్లాష్ మీదా టేపే. నిండిన కార్డును నా దగ్గర ఉంచుకోకుండా మందుల సంచి మోసే నర్సింగ్ అసిస్టెంట్‌కు ఇచ్చేవాణ్ణి. కెమెరా మోసేవాడు పోతే ఫొటోలూ వాడితో పోకూడదు కదా.

ఇప్పుడు తెనాలిలో కెమెరాలు బాగుచేసే చిన్న షాపు నడుపుతున్నాను. బాపట్ల కాలేజీ కుర్రాళ్లు మంచుకొండల్లో ట్రెక్కింగుకు పోతూ వచ్చి, "అంకుల్, పది రోజులు కరెంటు ఉండదంటండి, బ్యాటరీ ఎట్టా కాపాడుకోవాలి?" అని అడుగుతుంటారు. ఇవే చెబుతాను. నా గొప్పేం లేదు. భయం నేర్పిన పనులివి.

గస్తీలో పన్నెండు మందిమి. తెలుగువాళ్లం ఇద్దరమే. రెండోవాడు రేడియో ఆపరేటర్, రేపల్లె మనిషి. మొదటి రోజే వరస కలిపేశాడు.

"బావా, నన్నొక్కటి తియ్యి."

"నువ్వేమన్నా సరిహద్దు రాయివా? తియ్యను."

"ఎంగిలి చేత్తో కాకిని తోలవు గదా నువ్వు. బాపట్లలో పెళ్లివాళ్లు నిన్నెట్టా భరించారో ఏంటో."

మిగతావాళ్లకు ఆ మాట అర్థం కాకపోయినా అందరూ నవ్వేవాళ్లు. పిసినారి అన్న పేరు నాకు అన్ని భాషల్లోనూ స్థిరపడింది. నిజానికి అతనికీ నా కష్టమే వచ్చింది. సెట్టుకున్న రెండు బ్యాటరీల్లో ఒకటి పదో రోజుకు అయిపోయింది. రెండోదానితో పొద్దున ఒక్కసారి రెండు నిమిషాలు మాట్లాడి ఆపేసేవాడు.

పద్నాలుగో రోజు పొద్దున వాన తెరిపిచ్చింది. తొమ్మిది దాటింది. కుడివైపు నిటారు గట్టు, ఎడమవైపు వాగు, మధ్యలో ఒక్క మనిషి పట్టే దారి. ముందు స్కౌట్, వెనక సుబేదార్ సాబ్, తర్వాత రేడియో, తర్వాత నేను. స్కౌట్ ఆగమని చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దించకముందే గట్టు మీదినుంచి మెషిన్ గన్ మొదలైంది. తొలి గుండ్లకే అతని గొంతు చీలిపోయింది. పడ్డాక కూడా గుండ్లు అతన్ని కదిలిస్తూనే ఉన్నాయి.

గ్రెనేడ్ ఒకటి దొర్లుకుంటూ వచ్చి వాగు ఒడ్డున పేలింది. గులకరాళ్లు తూటాల్లా లేచాయి. నా వెనకున్నవాడి దవడ పగిలింది. పళ్లు ఉమ్మేసి, మళ్లీ తుపాకీ భుజానికి ఆనించాడు.

ఆపరేటర్ బోర్లా పడి ఉన్నాడు. కాళ్లు పట్టుకుని బండ చాటుకు లాగాను. కుడి తొడలోంచి రక్తం చిమ్ముతోంది. ఇంకో గుండు వీపు మీది సెట్టుకు తగిలి దాని బ్యాటరీని ముక్కలు చేసింది. నర్సింగ్ అసిస్టెంట్ పాక్కుంటూ వచ్చి తొడకు పట్టీ బిగించాడు. నా చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు.

"మూడు గంటలు. ఈలోగా హెలికాప్టర్ రాకపోతే దక్కడు."

హెలికాప్టర్ రావాలంటే పిలవాలి. పిలవడానికి ఉన్న ఒక్క రేడియో చచ్చి పడుంది. ఆపరేటర్ మాత్రం దాన్ని తడిమి చూస్తున్నాడు. పెదాలు తెల్లబడ్డాయి, గొంతు మామూలుగానే ఉంది.

"బావా, సెట్టు బానే ఉంది. పోయింది బ్యాటరీనే. నీ నడుముకి కట్టుకున్నయ్యి తియ్యి."

"కెమెరావి దీనికి సరిపోతాయా?"

"ఒకటి చాలదు. రెండు జత చెయ్యి. దీని ప్లస్సు దాని మైనస్సుకి."

ఛార్జి ఉన్నవి నా దగ్గర మూడే మిగిలాయి. గట్టు వైపు కాలుస్తున్న సుబేదార్ సాబ్‌ను అరిచి అడిగాను. ఆయన తల తిప్పకుండానే జవాబిచ్చాడు.

"రెండు తీసుకో. ఒకటి కెమెరాకు ఉంచు. ఇక్కడ జరిగినదానికి రికార్డు కావాలి."

సోలార్ పలక తీగలు కోసి పళ్లతో ఒలిచాను. తీగ మొనలు బ్యాటరీల గాడిలో దూర్చి రెండు బొటనవేళ్లతో అదిమిపట్టాను. సెట్టు మీద ఎర్ర దీపం వెలిగింది. వేలు కదిలితే ఆరిపోతుంది. ఆపరేటర్ పిలిచాడు. పోస్టు పలికింది. మేమున్న చోటు అంకెల్లో చెప్పడం మొదలుపెట్టాడు.

సగం అంకెలు చెప్పాడో లేదో, వాగు ఒడ్డు చాటునుంచి ఒకడు లేచాడు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర. చేతిలో పొట్టి తుపాకీ. దాని గొట్టం ఆపరేటర్ వైపు తిరుగుతోంది. నా చేతులు రెండూ బ్యాటరీల మీద ఉన్నాయి. వదిలేశాను. మాట మధ్యలో తెగిపోయింది. ఒళ్లో ఉన్న తుపాకీని ఉన్నచోటే తిప్పి నొక్కాను. మూడు గుండ్లూ ఛాతీలో దిగాయి. అతను వెనక్కి పడకుండా నా మోకాళ్ల మీదికి వాలి, నా చొక్కా పట్టుకున్నాడు. ఛాతీలో గురగురమంటోంది. పట్టు వదలడు. తుపాకీ మడమతో ఆ మణికట్ల మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించినా ఇంకా కొట్టాను. కోపంతో కాదు. భయంతో. చివరికి వేళ్లు విడిపోయాయి, పక్కకు తోసేశాను.

"తీగ, బావా," అన్నాడు ఆపరేటర్.

రక్తానికి వేళ్లు జారుతున్నాయి. ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ అదిమాను. అతను అంకెలు మొదటినుంచీ చెప్పాడు. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాడు. అందిందన్న మాట వచ్చాక అతని తల నా భుజం మీద వాలింది.

సుబేదార్ సాబ్, ఇంకో నలుగురు పక్కనుంచి గట్టు మీదికి ఎక్కారు. రెండు గ్రెనేడ్లతో మెషిన్ గన్ నోరు మూయించారు. మిగిలినవాళ్లు అడవిలోకి పారిపోయారు. వాళ్లలో చచ్చినవాళ్లు ముగ్గురు. రికార్డు కోసమని వాళ్లను ఒడ్డున వరసగా పడుకోబెట్టారు. నేను కెమెరా తీశాను.

అప్పుడే హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. మబ్బు కొండ మీదికి దిగిపోయింది. మేం పెట్టిన పొగ చెట్ల కిందే చుట్టుకుంటోంది. చప్పుడు మా మీదుగా దాటి దూరమవుతోంది. కెమెరా మెడకు వదిలేసి తీగలు మళ్లీ అదిమితే సెట్టు మీద ఎర్ర దీపం గుడ్డిగా వెలిగింది. ఆపరేటర్‌కు స్పృహ లేదు. సుబేదార్ సాబ్ నా మెడలో కెమెరా వైపు, తర్వాత అతని వైపు చూశాడు.

"అదీ ఇచ్చెయ్."

కెమెరాలోంచి ఆఖరి బ్యాటరీ లాగి, నీరసించినదాని బదులు తీగకు కలిపాను. ఈసారి నేనే మాట్లాడాను. "మమ్మల్ని దాటిపోయారు. వెనక్కి తిరగండి. వాగు వంపు దగ్గర పొగ." చప్పుడు తిరిగొచ్చింది. "పొగ కనిపించింది," అన్నాడు పైలట్. తాడు దిగింది. ముందు ఆపరేటర్, తర్వాత దవడ పగిలినవాడు, ఆఖర్న స్కౌట్ శవం.

నాలుగు రోజుల తర్వాత పోస్టుకు తిరిగొచ్చాం. కార్డులన్నీ అప్పజెప్పాను. చనిపోయిన ముగ్గురి ఫొటోలు ఏవని ఆఫీసర్ అడిగాడు. బ్యాటరీ లేదు సార్ అన్నాను. అయితే చూసింది చెప్పమన్నాడు. వయసు, ఎత్తు, బట్టలు, మచ్చలు ఒక్కొక్కరివే చెప్పాను. గుమాస్తా టైపు చేశాడు. సంతకం పెట్టాను.

సర్వీసు అయిపోయి ఊరికొచ్చాక, ఆపరేటర్ పిలిస్తే రైలెక్కి రేపల్లె వెళ్లాను. కొంచెం కుంటుతాడు. అంతే. వాళ్లమ్మ అన్నం వడ్డించి, నా కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఈ చేత్తోనే బతికించావంట నాయనా మావాణ్ణి."

"తీగ ఎట్టా కలపాలో చెప్పింది మీవాడేనండి," అన్నాను. ఆవిడ చెయ్యి వదల్లేదు. నాకు సంతోషమూ వేసింది, ఆ చెయ్యి లాక్కోవాలనీ అనిపించింది.

ఆ అడవిలో వందల ఫొటోలు తీశాను. ఒక్కటీ ఇప్పుడు గుర్తు లేదు. తీసి, కార్డులో వేసి, ఇచ్చేశాను. నేను కాల్చినవాణ్ణి కూడా తీసి ఉంటే వాటితోపాటే ఇచ్చేసి వచ్చేవాణ్ణేమో. తియ్యలేదు కాబట్టి నాతోనే ఉన్నాడు. ఒక్క సంగతి ఆఫీసర్‌కు చెప్పలేదు, కాగితంలోకి ఎక్కలేదు. మోకాళ్ల మీద వాలినప్పుడు ఆ మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. వాడు ఆ పొద్దున గడ్డం గీసుకున్నాడు. ఎక్కడా గాటు లేదు. ఎడమ చెవి కింద కాస్త సబ్బు నురగ తుడుచుకోవడం మర్చిపోయాడు. అది ఇంకా తడిగానే ఉంది.