మూడు జానల పెట్టె

పాల్వంచ కరెంటు ప్లాంటులో ఉద్యోగమంతా షిఫ్టుల్లోనే గడిచిపోయింది. రిటైరై దమ్మపేట దగ్గర చిన్న ఇల్లు కట్టుకున్నాక నా చేతులతో నేను చేసిన మొదటి వస్తువు ఒక చెక్కపెట్టె. నా భార్య సామాను పెట్టుకోవడానికి చేశాను. ఎందుకు చేయాల్సి వచ్చిందో ముందు చెప్పాలి.

కంపెనీ క్వార్టర్లో ఉన్న రోజుల్లో ఆమెకొక మామిడిచెక్క పెట్టె ఉండేది. పెళ్లప్పుడు వాళ్ల నాన్న తానే చేసి ఇచ్చాడు. ఒక వానాకాలం ఆదివారం నా షిఫ్టువాళ్లు నలుగురు భోజనానికి వచ్చారు. కోడికూర సగం ఉడికేసరికి గ్యాసు అయిపోయింది. వెనక వరండాలో కట్టెలపొయ్యి ఉంది గాని కట్టెలన్నీ తడిసిపోయాయి. సిలిండరు అడగడానికి ఆమె పక్క క్వార్టరుకు వెళ్లింది. ఆమె వచ్చేలోపు నేను పెట్టెలో ఉన్నవన్నీ మంచం మీద కుమ్మరించి, గొడ్డలితో దాన్ని పగలగొట్టి పొయ్యిలో పెట్టాను. వచ్చినవాళ్లు నవ్వారు. నేను ఇంకా గట్టిగా నవ్వాను. సిలిండరు దొరికిందని చెప్పబోతూ వచ్చిన ఆమె గుమ్మంలోనే ఆగి మంటను చూసింది.

“అడిగితే నేనే ఖాళీ చేసి ఇస్తుంటి గదా” అంది.

అంతే. తర్వాత అందరికీ వడ్డించింది.

ఆ రోజు నుంచి ఆమె తన సామాను బియ్యం వచ్చిన ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంది. బీరువాలో ఒక అర తీసుకోమంటే “వద్దులే” అంది. ఈ ఇంటికి వచ్చేటప్పుడు కూడా ఆ సంచిని వ్యానులో వేయనివ్వలేదు, ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ప్రతి ఆదివారం చర్చిలో పాపాలు ఒప్పుకునే ప్రార్థన అందరికంటే గట్టిగా చదివేవాణ్ణి. అదే మాట ఇంట్లో ఆమె ముందు చెప్పడానికి నోరు వచ్చేది కాదు. అన్నేళ్లయ్యాక చెబితే చిన్న విషయాన్ని పెద్దది చేసినట్టుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది చిన్న విషయం కాదని ఆ సంచిని చూసినప్పుడల్లా తెలుస్తూనే ఉండేది.

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆమె బట్టలు కుడుతుంటే అడిగాను.

“నీకొక పెట్టె చేసిస్త. ఎంతది కావాలె?”

ఆమె మిషన్ ఆపలేదు. “నువ్వా? చేస్తవా?”

“చేస్త. కొలత చెప్పు.”

“ఈ మిషన్‌కు, గోడకు నడుమ పట్టాలె. మూడు జానలు పొడుగు, రెండు జానలు వెడల్పు. వచ్చి చూసుకోరాదు?”

“నాకు తెల్వదా ఏంది” అని అక్కణ్ణుంచే బయటికి వెళ్లిపోయాను.

రోడ్డు మీద కొట్టు పెట్టుకున్న వడ్రంగి దగ్గర చెక్క అడిగాను. మంచి పెట్టె కావాలని టేకు అడిగితే ఆయన నవ్వాడు.

“టేకంటే ఫారెస్టోళ్లకు కాగితాలు చూపియ్యాలె సారు. మామిడి తీస్కపో. దాన్ని ఎవ్వడు అడగడు.”

మామిడి అన్న మాట వినగానే పొయ్యిలో మండిన పెట్టె గుర్తొచ్చింది. ఆయనకేం తెలుసు. పలకలు కట్టిస్తూ ఒక కిటుకు కూడా చెప్పాడు. “సీల మొన మీద సుత్తితో ఒక్క దెబ్బేసి మొద్దు చెయ్. అప్పుడు దిగ్గొట్టు. మొన వాడిగుంటే చెక్క చీలుతది. కరెంటోళ్లకు గివన్నీ ఏడ తెలుస్తయ్!”

ఆయన మాట నిజమే. మొద్దు చేయకుండా కొట్టిన మొదటి రెండు మేకులకూ పలక అంచు నిలువునా చీలింది. తర్వాత ఒక్కో మేకునూ రాయి మీద తలకిందులుగా నిలబెట్టి మొనను కొట్టి వాడాను. రంపం పట్టిన అరచేతికి బొబ్బలొచ్చాయి. నాలుగు రోజులు వేపచెట్టు నీడలో కూర్చుని, అంచులు గరుకు కాగితంతో రుద్ది, పెట్టె పూర్తి చేశాను. చాలా ఏళ్ల తర్వాత నా మీద నాకు కొంచెం మంచి అభిప్రాయం కలిగింది.

మోసుకెళ్లి మిషన్ పక్కన దించాను. పట్టలేదు. కొంచెం తేడా అయితే ఏదో ఒకటి చేసేవాణ్ణి. ఆరంగుళాలు ముందుకు పొడుచుకొచ్చి, కాలితో తొక్కే పెడల్‌కు అడ్డంగా నిలబడింది.

“నువ్వు చెప్పిందే చేసిన. మూడు జానలే” అన్నాను. నా గొంతులో అప్పుడే కోపం వచ్చేసింది.

“ఎవరి జాన?”

నా చెయ్యి చాపి చూపించాను. ఆమె కుర్చీలోంచి లేచి, పెట్టె అంచు మీద తన చెయ్యి పరిచింది. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా. పక్కనే నా చెయ్యి పెట్టమంది. నా జాన ముందు ఆమెది రెండంగుళాలు తక్కువ.

“మిషన్ నాది, సామాను నాది, జాన నీదెట్లయితదయ్యా?”

టేపు నా జేబులోనే ఉంది. నాలుగు అడుగులు వేసి ఆ ఖాళీని కొలుచుకుంటే సరిపోయేది. కాని ఆమె జాన అన్నప్పుడు అది నా చెయ్యే అనుకున్నాను. వేరే చెయ్యి ఉంటుందన్న ఆలోచనే రాలేదు. పెట్టె పక్కనే నేల మీద కూర్చున్నాను. ఆ కూర్చోవడంలోనే ఇన్నాళ్లుగా రాని మాట బయటికొచ్చింది.

“నీ పెట్టె పగలగొట్టిన గదా. తప్పు చేసిన. నిన్ను అడగాల్సింది.”

ఆమె పెట్టె అంచు మీంచి చెయ్యి తీసింది. తర్వాత, “ఇన్నేండ్లకు యాదికొచ్చిందా?” అంది.

“ఎప్పుడూ యాదికుండె.”

“మరి చెప్పకపోతివి. నువ్వు మర్శిపోయినవనుకున్న. అదే ఎక్కువ బాధయింది.” మళ్లీ తనే, “కూర మాత్రం మంచిగ ఉడికింది” అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తల ఎత్తి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

పెద్ద పెట్టెను ఉల్లిగడ్డలకు వంటింట్లో పెట్టుకుంది. రెండోది చేయడానికి ఆమె చెయ్యి పలక మీద పెట్టించి, చుట్టూ పెన్సిల్‌తో గీసుకున్నాను. పట్టింది. ఇటు గోడ, అటు మిషన్, కాలికి ఎక్కడా తగలకుండా.

కాని ఆమె సామాను అందులోకి రాలేదు. వారం గడిచింది, రెండో వారమూ గడిచింది. పెట్టె ఖాళీగా ఉంది, సంచి మంచం కిందే ఉంది. క్షమించడం ఆమె ఇష్టం, తొందర పెట్టడానికి నేనెవణ్ణి అనుకుంటూ లోపల కుమిలిపోయాను. చివరికి ఉండబట్టలేక అడిగాను.

“పెట్టె నచ్చలేదా?”

“నచ్చకేం? మూత పెడతవని చూస్తున్న. మూత లేకుంటే బల్లులు దూరవా? గింత ఖాళీ పెట్టె ముంగట పెట్టుకొని నువ్వు మొకం మాడ్చుకొని తిరుగుతుంటే, మూత చేసుడు రాదేమో అనుకున్న.”

ఆ రోజే మూత చేశాను. ఈసారి ముందు ఆమెను పిలిచి, ఆమె కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, ఎటు తెరుచుకుంటే చేతికి అందుతుందో అడిగి బందులు బిగించాను.

సంచి విప్పింది. సాయం చేయబోతే వద్దని, “నువ్వు అందుకో, నేనిస్త” అంది. మా పాప బాప్తిస్మం గౌను ఇచ్చింది. వాళ్లమ్మ రాసిన ఉత్తరాల కట్ట ఇచ్చింది. తన టెన్త్ హాల్‌టికెట్ ఇచ్చింది. దాని మీద రెండు జడల పిల్ల కోపంగా చూస్తోంది. ఇవే ఒకసారి మంచం మీద కుమ్మరించింది నేను. అప్పుడు వాటిలో ఒక్కటీ చూడలేదు. ఇన్నేళ్ల తర్వాత వాటిని నా చేతికే ఇస్తోంది. దేవుడికి మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆమెకు పెట్టాల్సిన దండం కూడా అందులోనే కలిసిపోయింది.

ఒక చిన్న గుడ్డమూట తీసి నా అరచేతిలో పెట్టింది.

“ఇది ఏందో చెప్పు.”

“తెల్వదు, నువ్వే చెప్పు” అన్నాను. కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుని, ఆమె చెప్పడం మొదలుపెట్టింది.