ఎవరో ఊకొట్టారు

నా చిన్నప్పుడు, అంటే ఇంటికో రేడియో కాదు, వాడకో రేడియో ఉన్న రోజుల్లో, మా పక్కింటి అక్కకు రేడియోలో మాట్లాడాలని ఒకటే పిచ్చి. మాది హనుమకొండ. అక్క వాళ్లది క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆమే. ఆమె మొదలుపెట్టిందంటే వెనక బెంచీల్లో కునికే ముసలివాళ్లు కూడా ఉలిక్కిపడి లేచేవాళ్లు. అంత గొంతు ఉండి కూడా హైదరాబాద్ పోయి రేడియో వాళ్ల గొంతు పరీక్షలో ఒకసారి తప్పి వచ్చింది. మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారీ తప్పితే నర్సు ట్రైనింగులో చేర్పిస్తానని వాళ్ల నాన్న తేల్చి చెప్పేశాడు. అక్కేమో కోడిని కోస్తుంటేనే కళ్లు తిరిగి పడే మనిషి.

హసన్‌పర్తిలో ఒక పెద్దాయన ఉండేవాడు. రేడియోలో పనిచేసి రిటైరయ్యాడు. మేము రేడియో తాత అనేవాళ్లం. ఆయన దగ్గర నేర్చుకోవడానికి అక్క ప్రతి ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కేది. ఆడపిల్లను ఒంటరిగా పంపడం ఎందుకని నన్ను తోడిచ్చేవాళ్లు. పదేళ్ల పిల్ల తోడు! నేను ఎవరిని కాపాడేదాన్నో గానీ, బస్టాండులో అక్క కొనిపెట్టే పల్లీపట్టీలను మాత్రం ఎప్పుడూ వద్దనలేదు.

ఆ ఇంటి వెనక గదిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నాలుగు గోడలకూ పాత బొంతలు వేలాడుతుండేవి. కిటికీకి గోనెసంచులు. బయటి చప్పుడు లోపలికి రాకూడదని, లోపలి మాట గోడకు తగిలి మోగకూడదని ఆ ఏర్పాటు. తలుపు మూస్తే చెవులు నీళ్లలో మునిగినట్టుండేది. చప్పట్లు కొడితే ఆ చప్పుడు చేతుల్లోనే చచ్చిపోయేది. ఆ బొంతలన్నీ చనిపోయిన ఆయన భార్య కుట్టినవే. బల్ల మీద మైకు, దానికి అవతల ఒక ఖాళీ పేము కుర్చీ. అందులో నన్ను ఒక్కనాడూ కూర్చోనివ్వలేదు.

"అది వినేటోళ్లది బిడ్డా. నువ్వు మూలకు కూసో" అనేవాడు. వినడానికి ఎవరొస్తారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

తాత ముందు గదిలో టేపు రికార్డరు దగ్గర కూర్చునేవాడు. తలుపు కింద నుంచి తీగ పోయేది. అక్క చదివేది, ఆయన వినిపించి తప్పులు చెప్పేవాడు. ప్రతిసారీ ఒకటే తప్పు. "నువ్వు చర్చిల చదివినట్టు చదువుతానవ్. రేడియో ముంగట జనం ఉండరు బిడ్డా, ఒక్కలే ఉంటరు. ఆ ఒక్కలు ఊకొట్టేటంత జాగ ఇయ్యాలె." అక్క బుద్ధిగా తల ఊపేది. మైకు ముందుకు పోగానే మళ్లీ రైలు బండే.

పరీక్షకు ముందు వచ్చిన చివరి ఆదివారం ఆయన మా కళ్ల ముందే కొత్త టేపు డబ్బా విప్పాడు. తాను రాసిన కథొకటి అక్క చేతికిచ్చాడు. మేడారం జాతరకు పోతూ తప్పిపోయిన ముసలమ్మ కథ అది. అడవిలో, చీకట్లో, వరసగా పోతున్న ఎడ్లబండ్లను ఒక్కొక్కటే ఆపి "మనోళ్లేనా?" అని అడుగుతుంది. ఒక్క బండీ పలకదు. అది ఖాళీ కుర్చీని చూస్తూ చదవడానికి అక్కకు భయమేసింది. ముఖం నా వైపు తిప్పుకుంది. కాసేపటికి కాగితం కూడా మరిచిపోయి నాకే కథ చెప్పింది. అయిపోగానే ఉక్కకు తాళలేక ఇద్దరం ముందు గదిలోకి పరుగెత్తాం. తాత మాత్రం మిషన్ ఆపలేదు. మనుషులు లేని గదిని కూడా కాసేపు టేపు మీద పట్టిపెట్టడం ఆయన పద్ధతి. గదికి కూడా గొంతు ఉంటుందనేవాడు.

నేను అక్కడున్న కుండలో నీళ్లు ముంచుకొని తాగాను. ఆయన టేపు వెనక్కి తిప్పి పెట్టాడు. "మనోళ్లేనా?" అని అక్క గొంతు అడిగి, ఆగింది.

"ఊఁ" అన్నారెవరో.

సన్నగా, ఎండిపోయినట్టు, బొంతల వెనక నుంచి వచ్చినట్టుంది. అక్క "ప్రభువా" అని నా చెయ్యి పట్టుకుంది. ఆమె ఆగిన చోటల్లా ఆ ఊఁ వస్తూనే ఉంది. నేను ఏడుపు లంకించుకున్నాను.

తాత పకపకా నవ్వాడు. "నీ గొంతు నీకే ఎరుక లేదానే పొల్లా?"

నేను ఒప్పుకోలేదు. అప్పుడు వేరే టేపు పెట్టి నాతో మైకులో ఊఁ అనిపించి వినిపించాడు. అదే గొంతు. ఇంట్లో మా నాయనమ్మ కథ చెబితే ఊకొట్టాలి, లేకపోతే కథ అక్కడే ఆగిపోతుంది. ఆ అలవాటు కొద్దీ నాకు తెలియకుండానే ఊకొట్టాను. నేను దయ్యమనుకున్నది నన్నే! లోకం వినే నా గొంతు ఇదా అని సిగ్గుతో చచ్చిపోయాను.

తాత అక్క వైపు తిరిగి, "ఇయ్యాల నీకు ఆగుడు వచ్చింది. ఆడ ఎవలున్నా ఫికర్ చెయ్యకు. ఈ పొల్లనే ముంగట కూసున్నదనుకో" అన్నాడు.

కథ మళ్లీ పెట్టాడు. భయం పోయి ముగ్గురం నవ్వుకుంటూ విన్నాం. కథ అయిపోయింది. మేము లేచిన చప్పుడు, తలుపు చప్పుడు, ఆ తర్వాత ఖాళీ గది.

"ఊఁ."

అది టేపు మీద పడేటప్పటికి నేను ముందు గదిలో కుండ దగ్గర ఉన్నాను. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. తాత తిరుగుతున్న చక్రం మీద అరచెయ్యి ఆనించి ఆపాడు. ఆయన ముఖంలో భయం లేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా ఇంటామె. కథ అయిపోయినంక గూడ ఒక్క ఊఁ అంటది" అన్నాడు, వాకిట్లోకి ఎవరొచ్చారో చెప్పినంత మామూలుగా. ఆ టేపు మళ్లీ పెట్టలేదు.

అక్క పరీక్షలో నెగ్గింది. ఆమె మొదటి కార్యక్రమం వచ్చిన సాయంత్రం వాడంతా మా అరుగు మీదే ఉంది. అక్క ఒక మాట చెప్పి, ఆగింది. ఆకువక్క నములుతున్న మా నాయనమ్మ రేడియో వైపు తిరిగి "ఊఁ" అంది. అది నేనొక్కదాన్నే గమనించాను. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత నేనూ రేడియోలోనే చేరాను. పాత టేపు సరిగ్గా చెరగకపోతే వెనకటి గొంతులు మిగులుతాయని అక్కడ తెలిసింది. తాత విప్పింది కొత్త డబ్బా అని కూడా నాకు గుర్తుంది. ఆ రెండింటినీ కలిపి ఆలోచించడం ఎప్పుడో మానేశాను. కానీ స్టూడియోలో ఉన్నన్నాళ్లూ చివరి మాట చెప్పాక వెంటనే మైకు కట్టేయలేదు. ఊఁ అనేటంతసేపు ఆగేదాన్ని. ప్రసారం ఖాళీగా పోతోందని పైవాళ్లు ఎన్నిసార్లు తిట్టారో. ఇప్పుడు మనవరాలికి ఫోన్ చేసినా అంతే, మాటలన్నీ అయిపోయాక కూడా కాసేపు పెట్టేయను. కొంచెం భయంగానే ఉంటుంది. అయినా వింటాను.